పాత కొవ్వొత్తి స్టాండు చెప్పే సంగతులు



ఈనాటి ప్రసంగానికి నేను ఎంచుకున్న వస్తువు మీకు చాలా చిన్నదిగా కనిపించవచ్చు. కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టెతోపాటు మనం వెతుక్కునే కొవ్వొత్తి స్టాండు అది. ఇన్వర్టర్లు వచ్చిన తరువాత దాని అవసరం కూడా తగ్గిపోయింది. కాని ఇళ్ళలో అటకల మీద, పాత బంగళాలలో, చర్చిలలో, పాత సామాన్ల దుకాణాలలో లోహంతో చేసిన పాత స్టాండ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వాటిలో ఒకటి మీ చేతికి వస్తే అది ఏ లోహం, ఎప్పటిది, దాని విలువ ఎంత అని ఎలా తెలుసుకుంటారు? ఈ మూడు ప్రశ్నలకూ మీ పాఠ్యపుస్తకంలోని భౌతిక, రసాయన శాస్త్రాలే చాలావరకు సమాధానం ఇస్తాయి.

ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా తాతయ్య ఉద్యోగరీత్యా కొంతకాలం బీదర్‌లో ఉన్నారు. 1956కు ముందు బీదర్ హైదరాబాదు రాష్ట్రంలో భాగం. అక్కడి నుంచి వస్తూ ఆయన రెండు కొవ్వొత్తి స్టాండ్లు తెచ్చారు. నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్లగా మెరిసే తీగలూ పువ్వులూ. నా చిన్నతనంలో ఒక సంక్రాంతికి ఇంట్లో సామాన్లన్నీ తోముతూ వాటిని కూడా చింతపండు వేసి తోమారు. నలుపు పోయి, మచ్చలు మచ్చలుగా బూడిదరంగు తేలింది. ఇక అందం లేదని మరుసటి ఏడు పాత సామాన్లవాడికి వేసి, బదులుగా ఒక స్టీలు గిన్నె తీసుకున్నారు. ఎవరినీ తప్పు పట్టలేము. అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ వస్తువుల ముందు నిలబడినప్పుడు, మేము స్టీలు గిన్నెకు ఇచ్చేసినది ఏమిటో నాకు అర్థమయింది. ఆ గిన్నె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఈ పాఠం గుర్తుకు వస్తుంది. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈ ప్రసంగం.

కొవ్వొత్తి, దాని ఆసనం

మన ఇళ్ళలో దీపమంటే నూనె దీపమే. ప్రమిద, కుంది, సెమ్మె మన వస్తువులు. కొవ్వొత్తి వాడకం యూరపువారి రాకతో ఎక్కువయింది. 'కొవ్వొత్తి' అనే మన మాటను ఒకసారి విడదీసి చూడండి. కొవ్వు, ఒత్తి. ఆనాటి కొవ్వొత్తులను పశువుల కొవ్వుతో చేసేవారన్న చరిత్ర ఆ మాటలోనే దాగి ఉంది. ధనవంతులు, చర్చిలవారు తేనెమైనంతో చేసినవి వాడేవారు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రల్ కొవ్వుల మీద చేసిన పరిశోధనల వల్ల స్టియరిన్ కొవ్వొత్తులు వచ్చాయి. 1850ల నుంచి పారఫిన్ మైనం వచ్చింది. ఈ చిన్న వస్తువులో ఎంత శాస్త్రం ఉందో చూపడానికి మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఉపన్యాసాలే ఇచ్చారు. 1860-61లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి నేటికీ చదవబడుతున్నాయి.

ఫారడే మంట గురించి మాట్లాడారు. మనం ఆ మంటను మోసిన లోహం గురించి మాట్లాడుకుందాం.

పశువుల కొవ్వు మెత్తనిది, త్వరగా కరిగి కారుతుంది. అందుకే పాత స్టాండ్లకు కారే కొవ్వును పట్టే వెడల్పాటి పళ్ళెం ఉండేది. ఇంకా పాతవాటిలో కొవ్వొత్తిని గుచ్చడానికి పైన ఒక మేకు ఉండేది. తరువాత గొట్టం వంటి గూడు వచ్చింది. 16, 17 శతాబ్దాల యూరపు స్టాండ్లలో ఆ గూటికి పక్కన రంధ్రం కనిపిస్తుంది. మిగిలిపోయిన ముక్కను పుల్లతో పొడిచి తీయడానికి అది ఉపయోగపడేది. 19వ శతాబ్దపు ఇంగ్లీషు ఇత్తడి స్టాండ్లలో కాండం లోపల కడ్డీ ఉండి, అడుగు నుంచి నెడితే ముక్క పైకి వస్తుంది. రూపం చూసి కాలం ఊహించడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. అయితే రూపాన్ని ఎవరైనా అనుకరించవచ్చు. కాబట్టి రూపం మనకు మొదటి సాక్షి మాత్రమే. మిగిలిన సాక్షులను కూడా విచారించాలి.

ఏ లోహం?

మొదటి పరికరం అయస్కాంతం. స్టాండుకు అయస్కాంతం అతుక్కుంటే లోపల ఇనుము ఉన్నట్లు. ఇత్తడి పూత పూసిన ఇనుప స్టాండ్లను 'పాత ఇత్తడి' అని అమ్మడం మామూలే. అతుక్కోకపోతే రాగి, ఇత్తడి, కంచు, వెండి, తగరం, జింకు, అల్యూమినియంలలో ఏదైనా కావచ్చు. ఇక్కడ పరీక్షలో అడగదగిన ఒక ప్రశ్న ఉంది. నికెల్‌ను అయస్కాంతం ఆకర్షిస్తుంది కదా, మరి నికెల్ ఉన్న జర్మన్ సిల్వర్‌ను ఎందుకు ఆకర్షించదు? జర్మన్ సిల్వర్ అనేది రాగి, నికెల్, జింకుల మిశ్రమలోహం. రాగి, జింకులతో కలిసిపోయినప్పుడు నికెల్ తన అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి రవ్వంత కూడా లేదని గుర్తుంచుకోండి.

రెండవ పరికరం ఆర్కిమెడీస్ సూత్రం. స్టాండును ముందు గాలిలో తూచండి. తరువాత సన్నని దారంతో స్ప్రింగ్ త్రాసుకు కట్టి, నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి తూచండి. ఉదాహరణకు గాలిలో 850 గ్రాములు, నీటిలో 750 గ్రాములు వచ్చాయనుకోండి. తగ్గిన బరువు 100 గ్రాములు. అంటే అది తొలగించిన నీరు 100 ఘనసెంటీమీటర్లు. 850ని 100తో భాగిస్తే సాంద్రత 8.5. ఇది ఇత్తడికి సరిపోతుంది.

కొన్ని విలువలు రాసుకోండి. ఘనసెంటీమీటరుకు గ్రాములలో అల్యూమినియం 2.7, జింకు 7.1, తగరం 7.3, ఇనుము 7.9, ఇత్తడి సుమారు 8.4 నుంచి 8.7, రాగి 8.96, వెండి 10.5. నూటికి 92.5 పాళ్ళు వెండి ఉండే స్టెర్లింగ్ వెండి సుమారు 10.4. వెండిలా మెరిసే స్టాండు సాంద్రత 8.7 వస్తే అది వెండి కాదు, పైన వెండి పూత ఉన్న జర్మన్ సిల్వర్ కావచ్చు. ఇత్తడి, కంచుల సాంద్రతలు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక వాటిని ఈ పరీక్ష విడదీయలేదు. అక్కడ చెవి పనిచేస్తుంది. కంచు మోగుతుందన్న సంగతి మీకు చెప్పనక్కరలేదు. దారంతో వేలాడదీసి వేలితో మీటితే కంచు చాలాసేపు మోగుతుంది.

ఈ ప్రయోగంలో రెండు జాగ్రత్తలు అవసరం. బోలు భాగాలలో గాలి బుడగలు ఉండిపోతే లెక్క తప్పుతుంది. స్టాండును నీటిలో అటూ ఇటూ వంచి బుడగలు పోగొట్టాలి. రెండవది ఇంకా ముఖ్యమైనది. ఒకసారి ఒక విద్యార్థిని తమ ఇంటి వెండి స్టాండును మా ప్రయోగశాలకు తెచ్చింది. చేతికి ఎంతో బరువుగా ఉంది. అడుగున నిజమైన వెండి ముద్రలు కూడా ఉన్నాయి. కాని సాంద్రత 4కు కూడా రాలేదు. ముద్రలు అబద్ధమా, ఆర్కిమెడీస్ అబద్ధమా అని పిల్లలంతా వాదించుకున్నారు. రెండూ నిజమే. చాలా వెండి స్టాండ్లను పలుచని వెండి రేకుతో చేసి, పడిపోకుండా ఉండటానికి లోపల కీలు వంటి పదార్థమో, సున్నపు ముద్దో నింపుతారు. కొన్నిటిలో ఇనుప కడ్డీ కూడా ఉంటుంది. పైది వెండే, కాని బరువంతా వెండి కాదు. అటువంటి దానిని త్రాసులో పెట్టి వెండి ధర కట్టడం కొనేవాడికి నష్టం. 'లోపల చెత్తే ఉంది' అని పారేయడం అమ్మేవాడికి నష్టం. అడుగు మూసి ఉన్నవాటిని నీటిలో ముంచకపోవడమే మంచిది.

ఎప్పటిది?

కాలాన్ని తేల్చడానికి ఒక తర్కం ఉంది. ఏ వస్తువైనా తనలోని పదార్థం కంటే, తనను తయారుచేసిన పద్ధతి కంటే పాతది కాజాలదు. ఈ ఒక్క వాక్యం మీరు గుర్తుంచుకుంటే చాలు.

చార్లెస్ హాల్, పాల్ హెరూల్ విద్యుద్విశ్లేషణ పద్ధతిలో అల్యూమినియం తీయడం కనుగొన్నది 1886లో. అంతకుముందు ఆ లోహం చాలా ఖరీదైనది. కాబట్టి మామూలు అల్యూమినియం స్టాండును రెండు వందల ఏళ్ళ నాటిదని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. విద్యుత్తుతో వెండి పూత వేసే పద్ధతికి ఇంగ్లండులో ఎల్కింగ్‌టన్ సంస్థ 1840లో పేటెంటు పొందింది. అడుగున 'ఇ.పి.ఎన్.ఎస్.' అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటే జర్మన్ సిల్వర్ మీద విద్యుత్తుతో వెండి పూత వేశారని అర్థం. అది 1840కు ముందుది కాదు. దానికంటే ముందు షెఫీల్డ్ ప్లేట్ ఉండేది. 1740లలో థామస్ బోల్సోవర్ కనుగొన్న ఆ పద్ధతిలో రాగి దిమ్మకు వెండి పలకను వేడితో అతికించి, రెండిటినీ కలిపి రేకుగా సాగదీసేవారు. అరిగినచోట లోపలి రాగి ఎర్రగా తొంగిచూస్తుంది. భూతద్దంతో అంచులను చూడండి. విద్యుత్తు పూత అంచులను కూడా ఒకేలా కప్పేస్తుంది. షెఫీల్డ్ ప్లేటులో అంచును మడిచిన గుర్తు, అతుకుల గీత కనిపిస్తాయి.

ఇత్తడి స్టాండ్లకు ఒక చక్కని పరీక్ష ఉంది. ఖర్చేమీ లేదు. సుమారు 1670 నుంచి 1780 వరకు ఇంగ్లండులో స్టాండు కాండాన్ని రెండు సగాలుగా పోతపోసి, మధ్యలో బోలు ఉండేలా కలిపి అతికించేవారు. మెరుగు పెట్టిన తరువాత ఆ అతుకు కంటికి కనిపించదు. కాండం మీద నోటితో ఆవిరి ఊదండి. అతుకులోని లోహం కూర్పు వేరు కనుక, ఆవిరి పట్టినప్పుడు పై నుంచి కిందికి సన్నని గీత ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. ఎదుటి పక్కన రెండో గీత ఉండాలి. తరువాతి కాలంలో మధ్యలో మట్టి గుండు పెట్టి మొత్తం కాండాన్ని ఒకేసారి పోయడం అలవాటయింది. వాటిలో ఈ గీత ఉండదు.

ఇక స్టాండును తిరగేయండి. అనుభవం ఉన్నవారు ముందుగా చూసేది అడుగు భాగాన్నే. కాండాన్ని పీటకు ఎలా బిగించారో చూడండి. సుత్తితో కొట్టి చదును చేసిన మొన ఉందా, మరలు చుట్టిన బోల్టు ఉందా? ఆరు పలకల నట్టు, ఒకే కొలతలో కోసిన మరలు యంత్రయుగపు గుర్తులు. మరల కొలతలను ఒక పద్ధతిలో పెట్టాలని జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించినదే 1841లో. తల మీద కూడిక గుర్తు ఉండే స్క్రూ అయితే 1930ల తరువాతిదే. అయితే పాత స్టాండుకు తరువాత ఎవరో కొత్త స్క్రూ వేసి ఉండవచ్చు. కాబట్టి ఒక్క స్క్రూను చూసి తీర్పు చెప్పకూడదు.

అరుగుదల కూడా సాక్ష్యం ఇస్తుంది. బల్ల మీద ఆనే అంచు, చేయి పట్టే కాండం నిజంగా అరగవలసిన చోట్లు. ఎవరి చేయీ వెళ్ళని లోపలి మూలల్లో అరుగుదల, అందరూ పట్టుకునే చోట కొత్తదనం ఉంటే అనుమానించాలి. ఆమ్లం పూసి, మట్టిలో పాతిపెట్టి కొత్త ఇత్తడికి ముసలితనం తెప్పించేవారు ఉన్నారు. అటువంటి చిలుము పచ్చగా, పొడిపొడిగా ఉండి వేలితో రుద్దితే రాలుతుంది. ఏళ్ళ తరబడి సహజంగా ఏర్పడిన పొర పలుచగా, ముదురు గోధుమరంగులో లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది.

ముద్రల విషయానికి వస్తే, ఇంగ్లీషు వెండి మీద నడుస్తున్న సింహం బొమ్మ ఉంటే స్టెర్లింగ్ వెండి అని అర్థం. పక్కన పరీక్షించిన నగరపు గుర్తు, సంవత్సరాన్ని తెలిపే అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు ఉంటాయి. దేశం పేరు ముద్రించి ఉంటే, దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసిన సంగతి గుర్తుకు తెచ్చుకోండి. అటువంటి ముద్ర సాధారణంగా ఆ తరువాతి కాలానిది. మన దేశంలో కలకత్తాలోని హామిల్టన్, మద్రాసులోని పి. ఓర్ వంటి సంస్థలు బ్రిటిషు కాలంలో వెండి వస్తువులు చేసి తమ పేర్లు ముద్రించేవి.

ఇంకా లోతుగా వెళ్ళాలంటే ఎక్స్‌కిరణ ప్రతిదీప్తి అనే పద్ధతి ఉంది. వస్తువును గీయకుండానే అందులో ఏ మూలకం ఎంత పాలు ఉందో అది చెబుతుంది. పాత పద్ధతిలో జింకు ఖనిజాన్ని, బొగ్గును, రాగిని కలిపి వేడిచేసి ఇత్తడి చేసేవారు. అందులో జింకు నూటికి సుమారు 30 పాళ్ళను మించడం కష్టం. లోహరూపంలో జింకు చౌకగా దొరికిన తరువాతే అంతకంటే ఎక్కువ కలపడం సులభమయింది. జింకును బట్టీపట్టి ఆవిరిగా తీసే విద్యలో మన రాజస్థాన్‌లోని జావర్ ఎంతో ముందుంది. ఇంగ్లండులో విలియం చాంపియన్ అటువంటి పద్ధతికి పేటెంటు పొందినది 1738లో. మన జావర్ కొలుములు అంతకు శతాబ్దాల ముందే పనిచేశాయి.

బిద్రీ సంగతి

ఇప్పుడు మా తాతయ్య తెచ్చిన స్టాండ్ల దగ్గరకు వద్దాం. బిద్రీ లోహంలో జింకు చాలా ఎక్కువ, రాగి కొద్దిగా. సాధారణంగా 16 పాళ్ళ జింకుకు ఒక పాలు రాగి అంటారు. ఇసుక అచ్చులో పోతపోసి, నునుపు చేసి, ఉలితో గాళ్ళు చెక్కి, వాటిలో వెండి తీగను గాని రేకును గాని సుత్తితో దిగగొడతారు. చివర బీదర్ కోటలోని పాత భాగాల మట్టిని, నవాసారాన్ని, అంటే అమోనియం క్లోరైడును నీటిలో కలిపి వేడిచేసి రుద్దుతారు. జింకు, రాగి ఉన్న ఒళ్ళు నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. ఒకే ద్రావణం ఒక లోహాన్ని నలుపు చేసి, పక్కనున్న లోహాన్ని వదిలేయడంలోనే ఆ కళంతా ఉంది. ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. ఇత్తడి చెంబు మీది ఆక్సైడు పొరను కరిగించి మెరిపించేది అదే. బిద్రీ మీద ఉన్న నల్లని పొర కూడా అటువంటి పలుచని పొరే. దాని కింద ఉన్నది జింకు. జింకు మీద ఆమ్లం పడితే ఏమవుతుందో మీకు తొమ్మిదవ, పదవ తరగతులలోనే తెలుసు. చెంబుకు మేలు చేసిన పనే ఆ స్టాండుకు చేటు చేసింది. మీ ఇంట్లో బిద్రీ వస్తువు ఉంటే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. నలుపు మీద అరుదుగా చుక్క కొబ్బరినూనె పలుచగా రాస్తే చాలు.

విలువ ఎంత?

విలువ అనే మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. మొదటిది లోహం విలువ. త్రాసు చెప్పేది అదే. రెండవది బజారు విలువ. అది పనితనాన్ని, అరుదును, స్థితిని, కావాలనుకునేవారి సంఖ్యను బట్టి మారుతుంది. జత స్టాండ్లలో ఒకటి పోతే మిగిలినదాని విలువ సగానికంటే కూడా తగ్గుతుంది. విద్యుత్తు బల్బు కోసం రంధ్రం చేసినా, టంకం వేసి మరమ్మతు చేసినా, అతిగా మెరుగు పెట్టి చెక్కడాలను అరగదీసినా విలువ తగ్గుతుంది. ధర తెలుసుకోవాలంటే అమ్మేవాడు అడుగుతున్న ధరను కాక, అటువంటి వస్తువు వేలంలో నిజంగా పలికిన ధరను చూడాలి. అడగడానికి హద్దు లేదు కదా!

మూడవది చరిత్ర విలువ. ఈ స్టాండు ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఏ సంవత్సరంలో అనే వివరాలు ఒక కాగితం మీద ఉంటే అది మామూలు వస్తువు కాకుండా పోతుంది. మా తాతయ్య ఒక చీటీ రాసి వాటి అడుగున పెట్టి ఉంటే, తోమే ముందు ఎవరో ఒకరు చదివి ఉండేవారు. ఇది డబ్బు అవసరం లేని పని. తాతయ్యలూ అమ్మమ్మలూ ఉన్నప్పుడే చేయాలి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువు పురావస్తువు అవుతుంది. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పురావస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. గుడి నుంచో, చర్చి నుంచో వచ్చినదని అనుమానం ఉంటే, ఎంత చౌకగా దొరికినా తీసుకోకూడదు.

విద్యార్థులారా! ఈ సెలవులలో ఒక పని చేయండి. మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉన్న ఒక పాత లోహపు దీపాన్ని గాని స్టాండును గాని తీసుకోండి. తోమవద్దు. అయస్కాంతం పెట్టి చూడండి. అడుగు మూసి లేకపోతే, బిద్రీ కాకపోతే, సాంద్రత కొలిచి వెంటనే పొడిగా తుడవండి. తిరగేసి అడుగు బొమ్మ గీయండి. ఇంట్లో పెద్దవారిని అడిగి దాని కథ రాయండి. కనీసం మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్పినప్పుడే 'ఇది ఫలానా కాలానిది' అని నిర్ణయించండి. చెప్పకపోతే, 'తేలలేదు' అని రాయండి. శాస్త్రంలో అది కూడా గౌరవమైన సమాధానమే.

పాత సామాన్లవాడు వీధిలోకి వచ్చినప్పుడు, త్రాసు పైకి లేవకముందే మీ నోటి నుంచి ఒక మాట రావాలి: 'ఆగండి, ఒకసారి చూద్దాం.' ఆ రోజు మా ఇంట్లో ఆ మాట అనేవారు లేకపోయారు. మీ ఇంట్లో మీరున్నారు.